మెదడు స్కాన్ల పరిశోధనలో అసిస్టెంట్ ఉద్యోగం: బెంగళూరా, హైదరాబాదా, చెన్నైయా, ఉన్న ఊరేనా?

మా అనంతపురంలో ఎవరికి మూర్ఛ వచ్చినా, పక్షవాతం వచ్చినా, మనసు బాగాలేకపోయినా "ఓసారి నిమ్హాన్స్‌లో చూపించండి" అంటారు. బెంగళూరులోని ఆ మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రికి రోగిగానో, రోగికి తోడుగానో కాక పనికి కూడా వెళ్లొచ్చని ఎమ్మెస్సీ అయ్యేదాకా నాకు తట్టనే లేదు. తర్వాత బెంగళూరులో మెదడు స్కాన్ల మీద పరిశోధన చేసే ఒక బృందంలో రెండున్నరేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. ఇప్పుడు తిరిగొచ్చి ఊళ్లోనే ఉన్నాను కాబట్టి తెలిసినవాళ్లు తమ పిల్లల్ని నా దగ్గరికి పంపుతుంటారు.

ఈ మధ్య వరసగా ముగ్గురు వచ్చారు. ఒకరు కర్నూలు అబ్బాయి. ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ చేసి, అక్కడే ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై తీస్తున్నాడు. ఇంకొకరు మా ఊరి అమ్మాయే, సైకాలజీలో ఎమ్మెస్సీ. మూడో అతను కడప నుంచి, కంప్యూటర్స్‌లో బీటెక్. ముగ్గురూ అడిగింది ఒకటే: "మెదడు మీద రీసెర్చ్ చేసే చోట చేరాలనుంది, ఎక్కడికి వెళ్తే మంచిది?" ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాల్సి వచ్చింది. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్ల గొడవ

ప్రకటనల్లో "రీసెర్చ్ అసిస్టెంట్" అనే వెతికితే సగం ఉద్యోగాలు కనబడవు. మన దేశంలో ఇదే పనికి జూనియర్ రీసెర్చ్ ఫెలో, ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అని రకరకాల పేర్లున్నాయి. "రీసెర్చ్ అసోసియేట్" అని కనబడితే మాత్రం ఆగండి, అది మామూలుగా పీహెచ్‌డీ అయినవాళ్లకు ఇచ్చే పోస్టు. సైకాలజీ అమ్మాయి అలాంటివి నాలుగింటికి అప్లై చేసి, ఒక్కరూ పిలవలేదని బాధపడుతూ వచ్చింది. పిలవకపోవడంలో ఆమె తప్పేమీ లేదు.

జీతం కూడా పేరును బట్టే ఉంటుంది. నెట్ గానీ గేట్ గానీ (రెండూ జాతీయ స్థాయి పరీక్షలు) పాసై జేఆర్ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరితే కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000. దీనిమీద ఇంటి అద్దె భత్యం వేరే. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై మూడూ పెద్ద నగరాల తరగతిలో ఉన్నాయి కాబట్టి ఆ శాతం ఎక్కువ. కర్నూలు, కడప, అనంతపురం చివరి తరగతిలో ఉన్నాయి. నెట్, గేట్ లేకుండా చేరితే చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. సైకాలజీ వాళ్లకు యూజీసీ నెట్ ఉంది. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్ పేపరు, 2021 నుంచి హ్యుమానిటీస్ కింద సైకాలజీ కూడా ఉన్నాయి. ఈ సంగతి మన కాలేజీల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

సంస్థ పేరును బట్టి కాదు. నేను చేసిన తప్పు అదే. పెద్ద పేరని చేరాను, రోజూ ఏం చేయాలో అడగలేదు. ఇక్కడ అసిస్టెంట్ పని మూడు రకాలు: మనుషులతో పని, మెషిన్ దగ్గర పని, కంప్యూటర్ ముందు పని. ఏ బృందంలోనైనా మూడూ ఉంటాయి, కానీ మీకు వాటిలో ఒకటే ఎక్కువగా పడుతుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టమైనవాళ్లను చీకటి గదిలో స్క్రీన్ ముందు కూర్చోబెడితే ఆరు నెలల్లో మానేస్తారు. కోడ్ రాసుకునేవాళ్లను ఇంటింటికీ తిప్పినా అంతే.

ఆ తర్వాత చూడాల్సినవి: గది అద్దె పోను ఎంత మిగులుతుంది, రెండేళ్ల తర్వాత ఇది ఎటు తీసుకెళ్తుంది, నేర్పేవాళ్లు ఉన్నారా, ఇంట్లో అవసరం పడితే ఎన్ని గంటల్లో రాగలరు. చివరిది చిన్న విషయం అనుకోకండి. మా నాన్నకు ఆపరేషన్ అయిన వారంలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది అదే.

| ఎక్కడ | రోజంతా చేతిలో ఉండేది | ముందే వచ్చి ఉంటే మేలు | ఆ తర్వాత దారి |
|---|---|---|---|
| బెంగళూరు | రోగులు, వాలంటీర్లు, ఫారాలు, స్కానింగ్ గది | తెలుగు, కన్నడ, ఓపిక | క్లినికల్ పరిశోధన, పీహెచ్‌డీ |
| హైదరాబాద్ | డేటా, కోడ్, ప్రయోగాల డిజైన్ | లైనక్స్, పైథాన్ (కోడ్ రాసే భాష) | పీహెచ్‌డీ, సాఫ్ట్‌వేర్ |
| చెన్నై | మైక్రోస్కోప్ చిత్రాలు, భారీ డేటా | ఇమేజ్ ప్రాసెసింగ్ లేదా ల్యాబ్ అనుభవం | ఇంజనీరింగ్, బయాలజీ రెండూ |
| ఉన్న ఊరు | ఆసుపత్రి స్కాన్లు, ఉచిత డేటా | సొంత క్రమశిక్షణ | పై మూడింటికి తయారీ |

బెంగళూరు: మనుషులతో పని

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు గంటలు. శనివారం వచ్చి ఆదివారం రాత్రి వెళ్లిపోవచ్చు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి.

నిమ్హాన్స్ ఉంది. ఐఐఎస్సీ ప్రాంగణంలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఉంది. ఈ రెండో సంస్థ కోలార్ జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో 45 ఏళ్లు దాటిన పల్లె జనాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ, వయసుతో మెదడు ఎలా మారుతుందో చూసే అధ్యయనం నడుపుతోంది. దాని పేరు శాన్స్‌కాగ్. శ్రీనివాసపుర మామిడికాయలకే కాదు, తెలుగుకూ పేరున్న ఊరు. అక్కడి ముసలివాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మన మాటే. నిమ్హాన్స్, లండన్ కింగ్స్ కాలేజ్ వాళ్లు కలిసి చేసిన సీవేదా అధ్యయనంలో 6 నుంచి 23 ఏళ్ల వయసువాళ్లను దేశంలో ఏడు చోట్ల చూశారు. అందులో ఒక చోటు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. ఇలాంటి అధ్యయనాలకు తెలుగు, కన్నడ రెండూ వచ్చిన అసిస్టెంట్ దొరకడం వరం. మనం దాన్ని బయోడేటాలో చివరి లైనులో "తెలిసిన భాషలు" అని రాసి వదిలేస్తాం. మొదటి పేరాలో రాయండి.

పని ఎలా ఉంటుంది? ఉదయం ఫోన్లు: "అవ్వా, రేపు వస్తున్నారు కదా? తలకు నూనె పెట్టుకోకుండా రండి." ఈఈజీ అంటే తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడులోని విద్యుత్ సంకేతాలను కొలవడం, నూనె తల మీద అవి సరిగా అంటవు. మన వైపు ఆడవాళ్లకు ఈ మాట చెప్పడం, ఒప్పించడం, మర్నాడు నూనెతోనే వస్తే నవ్వుతూ తల కడిగించడం, ఇదంతా పనే. ఎమ్మారై రోజైతే ఒంటి మీద లోహం లేకుండా చూడాలి. ఎమ్మారై మెషిన్‌లోని 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 60,000 రెట్లు ఉంటుంది, కరెంటు పోయినా అది ఆగదు. పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరం, ఎముకలో రాడ్డు ఉన్నాయా అని ఫారంలో అడుగుతాం. మెట్టెలు, మొలతాడు, తాయత్తు మాత్రం మనమే గుర్తుచేయాలి, వాళ్లకు అవి ఒంట్లో భాగం లాంటివి. బంగారాన్ని, వెండిని అయస్కాంతం లాగదు. కానీ వాటిలో ఏం కలిపారో తెలియదు, వేడెక్కవచ్చు, బొమ్మా చెడుతుంది.

పావగడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తాళి తీయనంటే తీయనంది. డాక్టర్ చెప్పారు, టెక్నీషియన్ చెప్పాడు, వినలేదు. కోడలు బయటికెళ్లి పసుపు కొమ్ము తెచ్చి, దారానికి కట్టి మెడలో వేశాకే తాళి తీసి ఇచ్చింది. ఆ రోజు స్కానింగ్ నలభై నిమిషాలు ఆలస్యం. ఇలాంటి చోట చిరాకు పడే స్వభావమైతే బెంగళూరు దారి మీది కాదు.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఆసుపత్రిలో స్కానర్ ముందు రోగులది, తర్వాతే పరిశోధనది. కాబట్టి మనకు దొరికేది సాయంత్రం, రాత్రి, ఆదివారం. రాత్రి పది దాటాక పీజీకి ఎలా వెళ్తారన్నది ఆడపిల్లలు ఇంటర్వ్యూలోనే అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని నేను అడగలేదు, నెలకు రెండు వేలు ఆటోలకే పోయేది.

నష్టాలూ చెప్పాలి. మనుషులతో పని చేసేవాళ్లకు డేటా విశ్లేషణ నేర్పరు, నేర్పే తీరికా ఎవరికీ ఉండదు. నేను పద్నాలుగు నెలలు పోగుచేసిన స్కాన్ల మీద పేపరు వచ్చింది. నా పేరు చివర్లో కృతజ్ఞతల్లో ఉంది, అదీ ఇంటిపేరు తప్పుగా. ఒకసారి గ్రాంటు డబ్బు ఆగి మూడు నెలల జీతం ఒకేసారి వచ్చింది. ఇలాంటివి ప్రాజెక్టు ఉద్యోగాల్లో మామూలే. చేతిలో మూడు నెలల ఖర్చుకు డబ్బు లేకుండా మాత్రం బస్సెక్కకండి.

హైదరాబాద్: కంప్యూటర్ ముందు పని

కర్నూలు వాళ్లకు ఇదే దగ్గర, అదే 44వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి. ఇక్కడ రెండు చోట్లు ముఖ్యం: ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం.

ట్రిపుల్ ఐటీ వాళ్లు చేసిన ఒక పని చెబితే ఈ దారి అర్థమవుతుంది. స్కాన్లను ఒకదానితో ఒకటి పోల్చాలంటే అన్నింటినీ ఒక నమూనా మెదడుకు సరిపెట్టాలి. 1988లో వచ్చి చాలాకాలం వాడుకలో ఉన్న టలైరాక్ అట్లాస్ (ఇలాంటి నమూనాను అట్లాస్ అంటారు) ఒకే ఒక్క మెదడు మీద ఆధారపడింది, అది అరవై ఏళ్ల ఫ్రెంచి మహిళది. తర్వాత కెనడాలోని మాంట్రియల్ వాళ్లు 152 మంది స్కాన్లతో చేసిన నమూనా వాడుకలోకి వచ్చింది. మనవాళ్ల మెదడును తెల్లవాళ్ల కొలతకు సరిపెట్టడం అంటే రెడీమేడ్ చొక్కాను పిన్నులు పెట్టి తొడుక్కోవడమే. 2019లో ట్రిపుల్ ఐటీ బృందం, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థతో కలిసి, 100 మంది భారతీయుల స్కాన్లతో మన అట్లాస్ తయారుచేసింది. సగటున మన మెదడు కొలతలు పాశ్చాత్య నమూనా కంటే చిన్నవని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని కాదు, కొలత వేరు, అంతే. వార్త వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో జోకులు పడ్డాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ అసిస్టెంట్ రోజు ఇలా ఉంటుంది: స్కానర్ నుంచి డైకామ్ అనే రకం ఫైళ్లు వస్తాయి, వాటిని విశ్లేషణకు వాడే నిఫ్టీ రకం ఫైళ్లుగా మార్చి, బిడ్స్ అనే అందరూ పాటించే పద్ధతిలో ఫోల్డర్లు సర్ది, సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. మెదడు భాగాలను కొలిచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్క మెదడును తేల్చడానికి మామూలు కంప్యూటర్లో గంటల కొద్దీ తీసుకుంటుంది. పొద్దున వచ్చి ఎన్ని ఆగిపోయాయో చూడాలి. తర్వాత ఒక్కో బొమ్మను కంటితో తనిఖీ చేయాలి: తల కదిలిందా, పుర్రె ముక్క మెదడులో కలిసిపోయిందా అని. ఫంక్షనల్ ఎమ్మారైలో, అంటే మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్‌లో, మనం వెతికే మార్పు ఒకట్రెండు శాతమే ఉంటుంది, తల ఒక్క మిల్లీమీటరు కదిలినా అంతకంటే పెద్ద మార్పు కనిపించవచ్చు. ఓపిక ఇక్కడా కావాలి, కానీ అది వేరే రకం ఓపిక.

మనుషులతో పని హైదరాబాద్‌లో లేదని కాదు. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది మతిమరుపు రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే కర్నూలు వాళ్లు ఇలాంటి అధ్యయనాల్లో ఏ గదిలోనైనా ఇమిడిపోతారు.

హైదరాబాద్ దారిలో పెద్ద లాభం: రేపు పీహెచ్‌డీ వద్దనుకున్నా నేర్చుకున్న పైథాన్ వృథా కాదు. నష్టం: పోటీ. బీటెక్ వాళ్లందరూ ఇటే చూస్తున్నారు, నాలుగు లైన్ల కోడ్ అయినా చూపించనిదే పిలవరు.

చెన్నై: మైక్రోస్కోప్ దారి

ఇది కొంచెం వేరే లోకం, కడప వాళ్లకు రైల్లో అందేది. ఐఐటీ మద్రాసులో సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ ఉంది. వాళ్లు బతికున్నవాళ్లను స్కానర్లో పెట్టడం కంటే, చనిపోయినవాళ్ల మెదళ్లను పలుచటి పొరలుగా కోసి, ప్రతి పొరనూ కణం కనిపించేంత దగ్గరగా చిత్రించడం మీద పనిచేస్తారు. 2024 డిసెంబరులో గర్భంలోని శిశువు మెదడు మీద "ధరణి" పేరుతో 5,132 పొరల చిత్రాలు విడుదల చేశారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రోగులతో మాట్లాడే పని తక్కువ, చిత్రాలు, యంత్రాలు, లెక్కలు ఎక్కువ. మెదడును ముట్టుకోవడం అంటే జంకేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. భాష అడ్డు కాదు, కానీ తెలుగు అక్కడ అదనపు బలమూ కాదు.

ఉన్న ఊళ్లో

కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నాటిది, అనంతపురంలో 2000లో, కడపలో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. స్కానర్లు ఉన్నాయి, రోగులు కిక్కిరిసి ఉన్నారు. మెదడు పరిశోధనకంటూ పెట్టిన ల్యాబ్ మాత్రం ఆశించకండి. ఒక సందు ఉంది: ఎండీ చేసే డాక్టర్లకు థీసిస్ తప్పనిసరి. స్కాన్ల లెక్కలు, ఎక్సెల్, స్టాటిస్టిక్స్ దగ్గర వాళ్లు అల్లాడుతుంటారు. అక్కడ సాయం చేసి, పేపరులో పేరు ఉంటుందని ముందే మాట తీసుకుంటే అది మొదటి మెట్టు. రోగి పేరున్న స్కాన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకోవడం లాంటి పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూశాకే చేయి పెట్టండి.

రెండో దారి ఇంట్లో కూర్చునే చేసేది. ఓపెన్‌న్యూరో అనే చోట మెదడు స్కాన్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. స్కాన్లను విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్, అఫ్నీ, ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్లకూ చదువుకునేవాళ్లు డబ్బు కట్టక్కర్లేదు. పది మంది ఉన్న చిన్న డేటా ఒకటి దించుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒక విశ్లేషణ నడిపి, ఎక్కడ తప్పులొచ్చాయో రాసిపెట్టుకుంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది. సర్టిఫికెట్ కోర్సులకు వేలు పోసేకంటే ఇది నయం. అయితే ఇలా "ప్రిపేర్ అవుతున్నా" అంటూ ఊళ్లో రెండేళ్లు గడిపేసినవాళ్లనూ చూశాను. ఆరు నెలలు గడువు పెట్టుకోండి.

ఆ ముగ్గురికీ ఏం చెప్పాను

సైకాలజీ అమ్మాయికి బెంగళూరే. ఇంట్లో తెలుగు, మడకశిర అమ్మమ్మ దగ్గర కన్నడ, ఇంతకంటే ఏం కావాలి? కానీ చేరే ముందు వారానికి ఒక్క పూటైనా విశ్లేషణ నేర్చుకునే వీలు అడిగి తీసుకోమన్నాను. లేకపోతే నా కథే.

బీటెక్ కుర్రాడు చెన్నై అంటాడేమో అనుకున్నాను, అతనికి హైదరాబాద్ మీద మనసు. సరే, కానీ ఇంతవరకూ ఒక్క మెదడు స్కాన్ తెరిచి చూడలేదు. ముందు ఆరు వారాలు ఇంట్లో ఓపెన్‌న్యూరో పని చేయమన్నాను.

కర్నూలు అబ్బాయి విషయమే తేల్చడం కష్టమైంది. అతనికి స్కానింగ్ సెంటర్లో జీతం నెలనెలా వస్తోంది, రీసెర్చ్‌కి వెళ్తే మొదట అంతకంటే తగ్గవచ్చు, ఏడాదికో కాంట్రాక్టు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉంది. మరోపక్క, స్కానర్ నడపడం తెలిసి, సీక్వెన్సుల (ఎమ్మారై తీసే రకరకాల పద్ధతుల) పేర్లు నోటికొచ్చిన అసిస్టెంట్ పరిశోధన బృందాలకు సులభంగా దొరకడు. పెళ్లి అయ్యేదాకా ఆగు, ఈలోగా ఒక డాక్టర్ థీసిస్‌కి సాయం చెయ్యి అన్నాను. వాళ్లమ్మకు నా సలహా నచ్చింది, అతనికి నచ్చలేదు.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి

గ్రాంటు ఏ నెలతో అయిపోతుంది? వారంలో ఎన్ని రోజులు ఫీల్డు, ఎన్ని రోజులు కంప్యూటర్? పేపరులో పేరు ఎవరికి, ఏ పని చేస్తే? ఇంతకుముందు ఈ సీటులో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు తడబడితే ఆ ల్యాబ్ గురించి మీకు అర్థమైపోతుంది. వీలైతే ఆ పాత మనిషికే ఫోన్ చేయండి, సార్లూ మేడమ్‌లూ చెప్పని విషయాలు అక్కడే తెలుస్తాయి.

ఇంకొకటి. ఇవి చాలావరకు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు. ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య ఒక్కోసారి పది రోజులు కూడా ఉండవు, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మీ కాలేజీ వాటిని ఇవ్వకుండా ఆపి ఉంటే, అప్లికేషన్ల సంగతి తర్వాత, ముందు వాటిని విడిపించుకునే పని చూడండి. కడప కుర్రాడు మొదటి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నది ఒక్క ప్రొవిజనల్ సర్టిఫికెట్ దగ్గరే.